ప్రతిరక్షకాల బంధన స్థానాలు: ఆకృతుల వర్గీకరణ, అంచనా

మనిషి రక్తంలో తిరిగే ప్రతిరక్షకాలు, అంటే వాడుకలో యాంటీబాడీలుగా పేరుపడ్డ ప్రోటీన్లు, ఎదురైన వైరస్‌నో విషాన్నో గుర్తుపట్టి పట్టుకోవడానికి తమలోని అతి చిన్న భాగాన్ని మాత్రమే వినియోగిస్తాయి. ఆ భాగాన్ని బంధన స్థానమనీ, అది పట్టుకునే పదార్థాన్ని ప్రతిజనకమనీ అంటారు. ఒక ప్రతిరక్షకానికీ మరొకదానికీ ఉన్న తేడా ప్రధానంగా ఈ బంధన స్థానంలోనే ఉంటుంది కనుక, దాని త్రిమితీయ ఆకృతి తెలిస్తే ఆ ప్రతిరక్షకం దేనిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో అర్థం చేసుకునే దారి దొరుకుతుంది. అయితే ప్రోటీనులోని అమైనో ఆమ్లాల వరుసను తెలుసుకోవడం నేడు తక్కువ ఖర్చుతో త్వరగా ముగిసే పని కాగా, ఆకృతిని స్ఫటికాల ద్వారా నిర్ధారించడం నెలల తరబడి సాగే, ఒక్కోసారి ఎంతకూ ఫలించని పని. వరుసను చూసి ఆకృతిని చెప్పడం సాధ్యమా అన్న ప్రశ్న ఇక్కడే పుట్టింది. బంధన స్థానాన్ని ఏర్పరచే ఆరు లూపుల్లో ఐదు కొద్దిపాటి ఆకృతులకే కట్టుబడి ఉంటాయని, ఆరోది మాత్రం ఏ వర్గీకరణకూ పూర్తిగా లొంగదని తేలింది. ఈ రంగపు చరిత్ర చాలావరకు ఆ ఐదింటి క్రమాన్ని కనిపెట్టిన కథ, ఆ ఒక్కదానితో ఇప్పటికీ సాగుతున్న పెనుగులాట.

నిర్మాణం

మానవ రక్తంలో అత్యధికంగా కనిపించే ఇమ్యూనోగ్లోబులిన్-జి తరగతి ప్రతిరక్షకం దాదాపు 1,50,000 డాల్టన్ల అణుభారం గలది. అందులో ఒకే రకమైన భార గొలుసులు రెండు, ఒకే రకమైన తేలిక గొలుసులు రెండు కలిసి ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో అమరి ఉంటాయి. 1959లో బ్రిటన్‌లో రాడ్నీ పోర్టర్ బొప్పాయి పాల నుంచి తీసే పపైన్ అనే ఎంజైముతో ఈ అణువును ముక్కలు చేసి, ప్రతిజనకాన్ని పట్టుకోగల ముక్కలు వేరు, పట్టుకోలేని ముక్క వేరు అని చూపారు. పట్టుకోగల ముక్కకు ఫ్యాబ్ అనే పేరు స్థిరపడింది. అమెరికాలో జెరాల్డ్ ఎడెల్మన్ బృందం గొలుసులను విడదీసే పద్ధతిని సాధించి, 1969లో ఒక పూర్తి ప్రతిరక్షకపు అమైనో ఆమ్ల వరుసను ప్రకటించింది. ఈ కృషికి ఇద్దరికీ కలిపి 1972లో నోబెల్ బహుమతి లభించింది.

ప్రతి గొలుసు మొదట్లో సుమారు 110 అమైనో ఆమ్లాల పొడవున్న ఖండం ఒకటి ప్రతిరక్షకం నుంచి ప్రతిరక్షకానికి మారుతూ ఉంటుంది కనుక దానిని చర డొమైన్ అంటారు. ఈ డొమైనులో ప్రోటీను గొలుసు ముందుకూ వెనక్కూ సాగుతూ బీటా పట్టీలుగా రూపొందుతుంది. ఆ పట్టీలు రెండు పలకలుగా ఎదురెదురుగా నిలిచి, నడుమ రెండు సిస్టీన్లను కలిపే డైసల్ఫైడ్ బంధంతో బిగిసి ఉంటాయి. గట్టిగా ఉండే ఈ భాగాన్ని చట్రమనీ, ఒక పట్టీ ముగిసి మరో పట్టీ మొదలయ్యే చోట ఏర్పడే మెలికలను లూపులనీ పిలుస్తారు. తేలిక గొలుసు నుంచి ఎల్1, ఎల్2, ఎల్3, భార గొలుసు నుంచి హెచ్1, హెచ్2, హెచ్3 అనే ఆరు లూపులు ఒకే కొసన చేరి బంధన స్థానంగా ఏర్పడతాయి. వీటిలో ఎల్1, హెచ్1 ఒక పలక నుంచి రెండో పలకకు దాటే వంతెనలు. తక్కిన నాలుగూ ఒకే పలకలోని ఇరుగుపొరుగు పట్టీలను కలిపే జడపిన్ను వంపులు. ఎల్3, హెచ్3 రెండూ బంధన స్థానపు నడిబొడ్డున ఉండడం వల్ల ప్రతిజనకంతో ఎక్కువగా తాకేవి సాధారణంగా అవే.

అతిచర ప్రాంతాల గుర్తింపు

బంధన స్థానం ఎక్కడుందో స్ఫటికాలు చూపకముందే వరుసలు చూపాయి. మజ్జ క్యాన్సరు రకమైన మైలోమా సోకిన రోగుల మూత్రంలో విసర్జితమయ్యే బెన్స్ జోన్స్ ప్రోటీన్లు నిజానికి ప్రతిరక్షకాల తేలిక గొలుసులేనని 1960ల మొదట్లో తేలడంతో, శుద్ధమైన నమూనాలు పరిశోధకులకు చాలినంతగా అందాయి. 1970లో టై టే వూ, ఎల్విన్ కాబాట్ అప్పటివరకు తెలిసిన తేలిక గొలుసుల వరుసలన్నిటినీ ఒకదాని కింద ఒకటి పేర్చి, ప్రతి స్థానానికీ చరత్వం అనే ఒక సంఖ్యను లెక్కగట్టారు. ఆ స్థానంలో ఎన్ని రకాల అమైనో ఆమ్లాలు కనిపించాయో ఆ సంఖ్యను, అన్నిటికంటే తరచుగా వచ్చిన అమైనో ఆమ్లపు పౌనఃపున్యంతో భాగిస్తే వచ్చేదే చరత్వం: ఎప్పుడూ ఒకే అమైనో ఆమ్లం ఉండే స్థానానికి అది 1, ఇరవై రకాలూ సమానంగా కనిపించే స్థానానికి 400. ఈ లెక్కను పటంగా గీసినప్పుడు చాలా స్థానాలు అడుగున ఉండిపోగా, మూడు చోట్ల మాత్రం శిఖరాలు లేచాయి. ఆ మూడు అతిచర ప్రాంతాలే ప్రతిజనకాన్ని తాకుతాయని, అవి దాని ఆకృతికి సంపూరకంగా అమరుతాయని వారు ఊహించారు. సంపూరకతను నిర్ణయించే ప్రాంతాలన్న అర్థంలో వచ్చిన సీడీఆర్ అనే సంక్షిప్త నామం అప్పటి నుంచి వాడుకలో ఉంది. ఒక్క త్రిమితీయ ఆకృతి కూడా చేతిలో లేని రోజుల్లో, భాగహారం ఒక్కటే ఆధారంగా చేసిన ఈ ఊహ చాలావరకు నిజం కావడం జీవశాస్త్రంలో గణితం సాధించిన విజయాలలో ముందు వరుసన నిలపదగ్గది.

కాబాట్ బృందం వరుసలను సంకలనం చేసి, ప్రతి స్థానానికీ ఒక అంకెనిచ్చే పద్ధతిని ఏర్పాటు చేసింది. దాని ప్రకారం తేలిక గొలుసులో 24 నుంచి 34, 50 నుంచి 56, 89 నుంచి 97 వరకు, భార గొలుసులో 31 నుంచి 35, 50 నుంచి 65, 95 నుంచి 102 వరకు సీడీఆర్‌లు. కొన్ని ప్రతిరక్షకాల్లో లూపులు పొడవుగా ఉంటాయి కనుక, అదనంగా వచ్చే స్థానాలకు 52ఎ, 100ఎ, 100బి వంటి గుర్తులు పెడతారు. అయితే వరుసలో ఎక్కువగా మారే భాగమూ, ఆకృతిలో లూపుగా బయటికి వంగే భాగమూ సరిగ్గా ఒకటి కావు. హెచ్1 విషయంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: కాబాట్ లెక్కలో అది 31 వద్ద మొదలవుతుంటే, ఆకృతిని బట్టి చూస్తే లూపు 26 వద్దే మొదలై 32 వద్ద ముగుస్తుంది. 1989లో ఫ్రాన్స్‌లోని మోంపెల్యేలో మరీ-పాల్ లెఫ్రాంక్ స్థాపించిన ఐఎంజీటీ సంస్థ మరో పద్ధతిని తెచ్చింది. అందులో రెండు సిస్టీన్లు ఎప్పుడూ 23, 104 స్థానాల్లోనే ఉండేలా, రెండు గొలుసులకూ ఒకే అంకెలు వర్తించేలా లెక్క సరిచేశారు. ఒక పరిశోధనా పత్రంలోని హెచ్1, మరో పత్రంలోని హెచ్1 ఒకే అమైనో ఆమ్లాలు కాకపోవచ్చు కనుక, ఈ రంగంలో అడుగుపెట్టేవారు ఏ పత్రాన్నైనా చదివేముందు అది ఏ అంకెల పద్ధతిని వాడిందో చూసుకోవడం అవసరం.

ప్రామాణిక ఆకృతులు

1973, 1974లలో తొలి ఫ్యాబ్‌ల, తేలిక గొలుసుల స్ఫటిక ఆకృతులు వెలువడ్డాయి. రాబర్టో పోల్యాక్ బృందం నిర్ధారించిన న్యూ అనే మానవ ఫ్యాబ్, డేవిడ్ డేవీస్ బృందం నిర్ధారించిన మెక్‌పీసీ603 అనే ఎలుక ఫ్యాబ్ వాటిలో ముఖ్యమైనవి. ఆ తరువాతి దశాబ్దంలో మరికొన్ని ఆకృతులు చేరినా, వాటి సంఖ్య వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గంతే. ఆ కొద్దిపాటి ఆధారంతోనే కేంబ్రిడ్జిలో సైరస్ చోథియా, ఆర్థర్ లెస్క్ 1987లో ఈ రంగపు మూలసూత్రాన్ని ప్రకటించారు: అతిచర లూపుల వరుసలు ఎంత భిన్నంగా ఉన్నా, వాటి వెన్నెముక, అంటే పార్శ్వ గొలుసులను తీసేస్తే మిగిలే ప్రధాన గొలుసు, కొన్ని నియత ఆకృతులలో ఏదో ఒకదానినే తీసుకుంటుంది. ఏ ఆకృతి వస్తుందన్నది లూపు పొడవును బట్టి, లూపులోనో దానిని ఆనుకొన్న చట్రంలోనో కొన్ని కీలక స్థానాల్లో ఏ అమైనో ఆమ్లాలున్నాయన్న దానిని బట్టి నిర్ణయమవుతుంది. ఈ నియత ఆకృతులను కెనానికల్ ఆకృతులంటారు. తెలుగులో ప్రామాణిక ఆకృతులనవచ్చు.

ఈ సూత్రంలోని బలం వివరాల్లో తెలుస్తుంది. కప్పా రకం తేలిక గొలుసులోని ఎల్1 లూపు నడుమ 29వ స్థానం దగ్గర వేలిన్, ఐసోల్యూసిన్ వంటి నీటిని సహించని అమైనో ఆమ్లం ఒకటి ఉండి, డొమైను లోపలికి దిగి 2, 25, 33, 71 స్థానాల్లోని పార్శ్వ గొలుసుల నడుమ ఒదిగిపోతుంది. లూపు ఆ మేకుకు వేలాడుతున్నట్టు ఉంటుంది కనుక, బయటివైపు అమైనో ఆమ్లాలు ఎన్ని మారినా వెన్నెముక చెదరదు. హెచ్1లో అదే పనిని 29వ స్థానంలోని ఫినైల్ అలనిన్ చేస్తుంది. తొమ్మిది అమైనో ఆమ్లాల ఎల్3 లూపులో 95వ స్థానంలో ప్రోలిన్ సాధారణంగా కనిపించే ట్రాన్స్ అమరికలో కాక సిస్ అమరికలో ఉండి గొలుసును మడుస్తుంది, 90వ స్థానంలోని గ్లూటమిన్ తన పార్శ్వ గొలుసు నుంచి లూపు వెన్నెముకకు హైడ్రోజన్ బంధాలు వేసి ఆ మడతను నిలుపుతుంది. ఎల్2 మూడు అమైనో ఆమ్లాల చిన్న మలుపు కావడం వల్ల, దాదాపు ప్రతి ప్రతిరక్షకంలోనూ ఒకే ఆకృతిలో కనిపిస్తుంది.

హెచ్2 కథ వీటన్నిటికంటే ఆసక్తికరం, ఎందుకంటే అక్కడ తాళంచెవి లూపులో కాక చట్రంలో ఉంది. ఒకే పొడవున్న హెచ్2 లూపులు కొన్ని ప్రతిరక్షకాల్లో ఒక విధంగా, మరికొన్నిటిలో మరో విధంగా వంగి ఉండడాన్ని గమనించిన అన్నా ట్రమొంటానో, చోథియా, లెస్క్ 1990లో దానికి కారణం 71వ స్థానమని తేల్చారు. ఆ స్థానంలో ఆర్జినిన్ వంటి పెద్ద పార్శ్వ గొలుసు ఉంటే అది హెచ్1, హెచ్2ల నడుమ చోటును ఆక్రమించి హెచ్2ను పక్కకు నెడుతుంది. అలనిన్ వంటి చిన్నది ఉంటే ఖాళీ మిగిలి, హెచ్2లోని 52ఎ స్థానపు అమైనో ఆమ్లం, చాలాసార్లు ప్రోలిన్, ఆ ఖాళీలోకి దిగుతుంది. బంధన స్థానపు ఆకృతిని తెలుసుకోవాలంటే బంధన స్థానాన్ని మాత్రమే చూస్తే చాలదని ఈ ఒక్క ఉదాహరణ నిరూపించింది. దీని ఆచరణ ఫలితం ఔషధ తయారీలో ఎంత పెద్దదో ముందు చూడవచ్చు.

ఆకృతుల సంఖ్య పెరిగేకొద్దీ వర్గీకరణను కంటిచూపుకు వదలకుండా లెక్కకు అప్పగించడం అవసరమైంది. ఆండ్రూ మార్టిన్, జానెట్ థార్న్‌టన్ 1996లో వర్గాలను కంప్యూటరే స్వయంగా ఏర్పరచే పద్ధతిని ప్రవేశపెట్టగా, అల్-లాజికానీ, లెస్క్, చోథియా 1997లో ప్రామాణిక ఆకృతుల జాబితాను సవరించి విస్తరించారు. ఫిలడెల్ఫియాలోని ఫాక్స్ చేజ్ క్యాన్సర్ కేంద్రంలో నార్త్, లేమన్, డన్‌బ్రాక్ 2011లో మూడు వందలకు పైగా ప్రతిరక్షక ఆకృతులను తీసుకొని, లూపులను పరమాణువుల దూరాలతో కాక ద్వితల కోణాలతో పోల్చారు. ప్రోటీను వెన్నెముకలో ప్రతి అమైనో ఆమ్లం వద్ద గొలుసు ఏ మేరకు మెలి తిరిగిందో తెలిపే ఫై, సై కోణాలే ద్వితల కోణాలు. వీటిలో ఏ జంటలు సాధ్యమో, ఏవి పరమాణువుల ఒరిపిడి వల్ల అసాధ్యమో చూపే పటాన్ని 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ రూపొందించారు. ప్రపంచమంతటా రామచంద్రన్ పటంగా పేరుపొందిన ఆ భారతీయ కృషి లేకుండా లూపుల వర్గీకరణను ఊహించడం కష్టం. డన్‌బ్రాక్ బృందం లూపు పేరు, పొడవు, వర్గపు అంకె కలిపి ఎల్1-11-1 వంటి పేర్లు పెట్టి, మొత్తం 72 వర్గాలను నమోదు చేసింది. హెచ్3 మినహా మిగిలిన లూపుల్లో దాదాపు 85 శాతాన్ని వాటి జన్యుమూలాన్ని బట్టో వరుసను బట్టో ఏదో ఒక వర్గానికి కేటాయించవచ్చని తేల్చింది. తరువాత వచ్చిన కొన్ని అధ్యయనాలు పొడవు వేరైనా ఆకృతిలో దగ్గరగా ఉండే లూపులున్నాయని చూపి, పొడవును బట్టి గీసిన గీతలు మరీ కఠినమైనవి కావని గుర్తుచేశాయి.

హెచ్3 ఎందుకు లొంగదు

ప్రతి గొలుసులోని మొదటి రెండు లూపులను రూపొందించే వరుస తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఒకే జన్యు ఖండంలో ఉంటుంది. హెచ్3 అలా కాదు. సుసుము టొనెగావా 1976లో చూపినట్టు, ప్రతిరక్షక జన్యువులు శరీరంలోని బి-కణాల్లో ముక్కలుగా కలిసి తయారవుతాయి. ఈ ఆవిష్కరణకు ఆయనకు 1987 నోబెల్ బహుమతి దక్కింది. భార గొలుసు విషయంలో నలభైకి పైగా ఉన్న వి ఖండాల్లో ఒకటి, ఇరవైకి పైగా ఉన్న డి ఖండాల్లో ఒకటి, ఆరు జె ఖండాల్లో ఒకటి అతుకుతాయి, అతుకుల వద్ద కొన్ని డీఎన్ఏ క్షారాలు రాలిపోతాయి, ఏ మూసా లేకుండా కొత్తవి చేరతాయి. ఆ అతుకులన్నీ పడేది సరిగ్గా హెచ్3 మీదే. అందువల్ల దాని వరుసకు గానీ పొడవుకు గానీ అదుపు తక్కువ: మూడు నాలుగు అమైనో ఆమ్లాల చిన్న లూపులున్నట్టే, అనేక హెచ్ఐవీ రకాలను అడ్డుకునే పీజీ9 వంటి మానవ ప్రతిరక్షకాల్లో 30కి దగ్గరగా ఉండే లూపులూ ఉన్నాయి. ఆవుల్లోనైతే 60కి మించిన హెచ్3లు కనిపిస్తాయి; పొడవాటి కాడ, దాని చివర డైసల్ఫైడ్ బంధాలతో బిగిసిన బొడిపె ఉన్న ఆ ఆకృతిని 2013లో వివరించారు.

అయినా హెచ్3 అంతా అరాచకం కాదు. దాని అడుగుభాగం, అంటే చట్రం నుంచి లూపు పైకి లేచే చోటు, రెండు తీరుల్లో ఏదో ఒకదానిలో ఉంటుందని జపాన్‌కు చెందిన షిరాయ్, కిదెరా, నకమూరా 1996లోనూ, మొరెయా తదితరులు 1998లోనూ గుర్తించారు. 94వ స్థానంలో ఆర్జినిన్, 101వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటే వాటి ధన, రుణావేశాలు ఒకదానినొకటి ఆకర్షించి లవణ బంధంగా ఏర్పడతాయి, 103వ స్థానపు ట్రిప్టోఫాన్ లూపు వెన్నెముకకు హైడ్రోజన్ బంధం వేస్తుంది, ఫలితంగా అడుగుభాగం ఒక పక్కకు మెలిపడుతుంది. అధిక సంఖ్యాకమైన హెచ్3లు ఈ మెలిక తీరులోనే ఉంటాయి. ఆ ఆవేశాలు లేకపోయినా, వాటిని చెదరగొట్టే మరో అమైనో ఆమ్లం పక్కన చేరినా, అడుగుభాగం మెలిపడకుండా బీటా పట్టీల ధోరణిలోనే నిటారుగా సాగవచ్చు. ఈ నియమాలకు మినహాయింపులు లేకపోలేదు, పైగా అవి అడుగుభాగాన్ని చెప్పగలవే గాని, కొన ఎటు వాలుతుందో చెప్పలేవు.

మరో చిక్కు, హెచ్3కి ఎప్పుడూ ఒకే ఆకృతి ఉండాలన్న నియమం లేకపోవడం. ఇయాన్ విల్సన్ బృందం 1992లో ఇన్‌ఫ్లుయెంజా పెప్టైడుకు అంటుకునే ఒక ఫ్యాబ్‌ను ఒంటరిగానూ, పెప్టైడుతో కలిపిన స్థితిలోనూ పరిశీలించినప్పుడు, హెచ్3 గణనీయంగా కదిలి కొత్తగా అమరింది. జేమ్స్, రోవర్సీ, తౌఫిక్ 2003లో ఎస్‌పీఈ7 అనే ఒకే ప్రతిరక్షకం ప్రతిజనకం లేనప్పుడే రెండు వేర్వేరు ఆకృతుల్లో ఉండగలదని చూపారు. అంటే కొన్ని సందర్భాల్లో సరైన ఆకృతి ఏదన్న ప్రశ్నకే ఒక సమాధానం ఉండదు. ఈ సంగతిని మరచిన ఏ అంచనా పద్ధతీ తన పొరపాట్లను తాను సరిగా కొలవలేదు.

స్థానం మొత్తపు రూపం

లూపులను విడివిడిగా వర్గీకరించినంత మాత్రాన స్థానం పూర్తిగా అర్థం కాదు. మెక్‌పీసీ603లో ఫాస్ఫోకోలిన్ అనే చిన్న అణువు సుమారు 12 ఆంగ్‌స్ట్రామ్‌ల లోతున్న గుంటలో కూర్చొని, దాని ఫాస్ఫేటు భాగం భార గొలుసులోని 33వ స్థానపు టైరోసిన్‌ను, 52వ స్థానపు ఆర్జినిన్‌ను పట్టుకొని ఉంటుంది. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు. ఇందుకు భిన్నంగా, 1986లో అమిత్, మరియుజ్జా, ఫిలిప్స్, పోల్యాక్ నిర్ధారించిన డీ1.3 అనే ప్రతిరక్షకం కోడిగుడ్డు లైసోజైమ్‌ను దాదాపు 30 ఆంగ్‌స్ట్రామ్‌ల పొడవు, 20 ఆంగ్‌స్ట్రామ్‌ల వెడల్పున్న బల్లపరుపు ఉపరితలంతో తాకుతుంది; ప్రతిరక్షకం వైపు 17, లైసోజైమ్ వైపు 16 అమైనో ఆమ్లాలు ఆ స్పర్శలో పాల్గొంటాయి. ఒక ప్రోటీను ప్రతిజనకంతో ప్రతిరక్షకం కలిసిన తీరును కళ్ళకు కట్టిన తొలి ఆకృతి ఇదే. చిన్న అణువులకు గుంటలు, పెప్టైడులకు గాడులు, పెద్ద ప్రోటీన్లకు చదునైన తలాలు అన్న స్థూల విభజన ఇటువంటి ఉదాహరణల నుంచే వచ్చింది.

రెండు చర డొమైన్లు ఒకదాని పక్కన మరొకటి ఏ కోణంలో ఒరిగి ఉన్నాయన్నది కూడా స్థానపు రూపాన్ని మార్చేస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో షార్లెట్ డీన్ బృందం 2013లో ఈ ఒరుగుదలను ఐదు కోణాలు, ఒక దూరంతో కొలిచే పద్ధతిని ప్రతిపాదించింది. కొద్ది డిగ్రీల తేడా వచ్చినా బంధన స్థానపు రెండు అంచులూ ఒకదాని నుంచి మరొకటి జరుగుతాయి కనుక, లూపులన్నీ సరిగా అంచనా వేసిన మోడల్ కూడా ఇక్కడ దెబ్బతినవచ్చు. ఒంటెల్లో భార గొలుసు మాత్రమే ఉండే ప్రతిరక్షకాలున్నాయని 1993లో బెల్జియం శాస్త్రవేత్తలు వెల్లడించారు. వాటి నుంచి తీసే నానోబాడీలకు ఈ సమస్య ఉండదు గాని, మూడు లూపులతోనే పని జరగాలి కనుక హెచ్3 మీద భారం మరింత పెరుగుతుంది.

అంచనా పద్ధతుల పరిణామం

ప్రామాణిక ఆకృతుల సూత్రం అచ్చవకముందే దానికి పరీక్ష జరిగింది. డీ1.3 స్ఫటిక ఆకృతి వెలువడకముందే దాని అంచనాను నమోదు చేసి పెట్టిన చోథియా బృందం, ప్రయోగ ఫలితం వచ్చాక పోల్చి చూసి, చట్రమూ లూపుల సాపేక్ష స్థానాలూ ఆరింటిలో నాలుగు లూపుల మడతలూ సరిపోయాయని 1986లో ప్రకటించింది. ముందే రాసిపెట్టి తరువాత పోల్చుకునే ఆ పద్ధతి తదనంతర పోటీలకు ఆదర్శమైంది.

తరువాతి రెండు దశాబ్దాల పద్ధతులన్నీ స్థూలంగా ఒకే దారిన నడిచాయి. వరుసకు దగ్గరి పోలిక ఉన్న తెలిసిన ఆకృతిని మూసగా ఎంచుకొని చట్రాన్ని నిలపడం, ఐదు లూపులకు ప్రామాణిక ఆకృతులను అతకడం, హెచ్3కి మాత్రం సాధ్యమైన వంపులన్నిటినీ గాలించి, తక్కువ శక్తి గల దానిని ఎంచుకోవడం ఆ దారి. మార్టిన్, చీటమ్, రీస్ 1989లో ప్రకటించిన మిశ్రమ విధానం, ట్రమొంటానో బృందపు పిగ్స్, జెఫ్రీ గ్రే బృందపు రోసెట్టా యాంటీబాడీ ఈ కోవకు చెందినవి. 2014లో ఫలితాలు వెలువడిన రెండో యాంటీబాడీ మోడలింగ్ పరీక్షలో, అప్పటికి ప్రచురితం కాని 11 ఫ్యాబ్ ఆకృతులను ఏడు బృందాలు అంచనా వేశాయి. మోడల్‌ను నిజ ఆకృతి మీద ఉంచి, పరమాణువులు జరిగిన దూరాల వర్గాల సగటుకు వర్గమూలం తీస్తే వచ్చే విచలనం చట్రంలోనూ చాలా లూపుల్లోనూ 1 ఆంగ్‌స్ట్రామ్ చుట్టుపక్కల ఉండగా, హెచ్3లో అది 3 చుట్టూ ఉండిపోయింది. కార్బన్, కార్బన్ నడుమ బంధపు పొడవు 1.5 ఆంగ్‌స్ట్రామ్‌లేనని గుర్తుంచుకుంటే, బంధన స్థానపు నడిబొడ్డున 3 ఆంగ్‌స్ట్రామ్‌ల తప్పు ఎంత పెద్దదో బోధపడుతుంది.

కృత్రిమ మేధ రాకతో దారి మారింది. ఉదాహరణల నుంచి సంబంధాలను స్వయంగా నేర్చుకునే నాడీజాల పద్ధతి 2020లో డీప్‌హెచ్3తో ఈ రంగంలో నిలదొక్కుకుంది. 2021లో ఆల్ఫాఫోల్డ్2 మొత్తం ప్రోటీన్ల రంగాన్నే మార్చేసింది. 2023లో వెలువడిన ఇగ్‌ఫోల్డ్, 55 కోట్లకు పైగా ప్రతిరక్షక వరుసల మీద శిక్షణ పొందిన భాషా నమూనాను ఆధారం చేసుకొని, సమాన వరుసల కోసం వెతకవలసిన అవసరం లేకుండానే క్షణాల్లో ఆకృతిని ఇస్తుంది. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్ బృందం ప్రకటించిన ఏబాడీబిల్డర్2 హెచ్3లో సాధించిన సగటు విచలనం 2.81 ఆంగ్‌స్ట్రామ్‌లు. వేగం ఎన్నో రెట్లు పెరిగింది, మిగిలిన లూపుల్లో ఖచ్చితత్వం మెరుగైంది. హెచ్3లో మాత్రం దశాబ్దం కింద తేలిన అంకెకు ఇది మరీ దూరం కాకపోవడం ఈ సమస్య ఎంత మొండిదో చెబుతుంది. పరీక్షకు ఎంచుకున్న ప్రతిరక్షకాలు వేరు కనుక ఈ రెండు అంకెలను నేరుగా పోల్చడం న్యాయం కాదు, కానీ చిక్కుముడి విడిపోయిందని చెప్పడానికి ఆధారం లేదన్నది స్పష్టం. ప్రతిజనకంతో కలిసిన స్థితిని అంచనా వేయడం ఇంకా కష్టం: 2024లో వచ్చిన ఆల్ఫాఫోల్డ్3 అందులో మునుపటికంటే ముందంజ వేసినా, మంచి ఫలితం కోసం ఒకే జంటకు వేర్వేరు ఆరంభ స్థితుల నుంచి వెయ్యి సార్లు లెక్క నడిపి, ఉత్తమమైనదానిని ఎంచుకోవలసి వచ్చింది.

ఔషధ తయారీలో ఉపయోగం

ఎలుక ప్రతిరక్షకాన్ని నేరుగా మనిషికి ఇస్తే శరీరం దానిని పరాయిదిగా భావించి ఎదిరిస్తుంది. దీనికి విరుగుడుగా 1986లో కేంబ్రిడ్జిలో గ్రెగ్ వింటర్ బృందం ఎలుక ప్రతిరక్షకపు సీడీఆర్‌లను మాత్రమే తీసి మానవ చట్రం మీద నాటింది. అయితే లూపులను నాటినంతనే బంధన శక్తి తరచుగా పడిపోయేది; ఎందుకో ప్రామాణిక ఆకృతుల సిద్ధాంతం చెప్పింది. లూపును నిలబెట్టే కీలక స్థానాలు చట్రంలోనే ఉండిపోతే, అక్కడ మానవ అమైనో ఆమ్లం కూర్చొని లూపును మరో ఆకృతికి నెడుతుంది. 1992లో పాల్ కార్టర్ బృందం రొమ్ము క్యాన్సర్ చికిత్సకు 4డీ5 అనే ఎలుక ప్రతిరక్షకాన్ని మానవీకరించినప్పుడు, కంప్యూటర్ మోడల్‌ను చూసి, సీడీఆర్‌లతో పాటు చట్రంలోని కొన్ని స్థానాలను కూడా ఎలుకవిగానే ఉంచారు. వాటిలో ఒకటి హెచ్2ను శాసించే ఆ 71వ స్థానమే. మానవ చట్రంలోని ఆర్జినిన్ పోయి, అక్కడ ఎలుకలోని అలనిన్ వచ్చింది. ఆ ప్రతిరక్షకమే 1998లో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్.

అన్ని మందులూ ఆకృతి తెలిశాకే వాడుకలోకి రాలేదు. లింఫోమా చికిత్సలో వాడే రిటుక్సిమాబ్‌కు అమెరికాలో 1997లో అనుమతి లభించింది. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ 2007లో రెడిటక్స్ పేరుతో దాని జీవసదృశ ఔషధాన్ని విడుదల చేసింది. జీవసదృశ ఔషధమంటే అసలు మందు అమైనో ఆమ్ల వరుసనే తిరిగి నిర్మించడం కనుక, బంధన స్థానం మారదు. ఆ బంధన స్థానం బి-కణాల పైపొరలోని పూర్తి సీడీ20 ప్రోటీనును ఎలా పట్టుకుంటుందో, రెండు ఫ్యాబ్‌లు ఒకదానినొకటి ఆనుకొని ఎలా నిలుస్తాయో క్రయో-ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ద్వారా వెల్లడైంది మాత్రం 2020లోనే.

ఇప్పుడు పని తిరగబడుతోంది: వరుస నుంచి ఆకృతిని ఊహించడం కాక, కావలసిన ఆకృతికి తగిన వరుసను రాయడం. డేవిడ్ బేకర్ బృందం 2024లో ఆర్‌ఎఫ్‌డిఫ్యూజన్ అనే పద్ధతితో నానోబాడీ లూపులను మొదటి నుంచి రూపొందించి, వాటిలో ఇన్‌ఫ్లుయెంజా ప్రోటీనును పట్టుకునే ఒకదాని నిజ ఆకృతి తాము రూపొందించిన దానితో సరిపోయిందని క్రయో-ఎలక్ట్రాన్ చిత్రాలతో చూపింది. ప్రతిరక్షకపు వరుస చేతిలో ఉన్న విద్యార్థి లేదా పరిశోధకుడు నేడు ఒక సాధారణ కంప్యూటరుపై నిమిషాల్లో మోడల్ తయారు చేసుకోవచ్చు. అందులో ఐదు లూపులను చాలావరకు నమ్మవచ్చు, హెచ్3 పొడవు పన్నెండు దాటినప్పుడు మాత్రం మోడల్ తనకు తాను ఇచ్చుకునే నమ్మిక అంకెను చూడకుండా ఏ నిర్ణయమూ తీసుకోరాదు, ఆ అంకె తక్కువగా ఉన్న చోట ప్రయోగం ద్వారా తేలిన ఆకృతే నేటికీ తుది ప్రమాణం.